ఛాతీలో ఏమీ లేదు

తాండూరు, 1961 జూలై 3
మళ్లీ వచ్చింది. నాలుగో తరగతికి లెక్కలు చెబుతున్నాను — గుండె దడ, చేతులు చల్లబడటం, గోడలు మీదికి వస్తున్నట్టు. చెప్పులు విప్పి బండల మీద నిలబడ్డాను. పాదాలకు చల్లదనం తెలిసేదాకా పిల్లలచేత ఎక్కాలు చెప్పించాను. బడి వదిలి పోలేదు. పోను.

జూలై 5
అత్తమ్మ నా కంచం, గ్లాసు వేరు చేసి వంటింటి గూట్లో పెట్టింది. దడ, ఆయాసం అంటే ఆమెకు క్షయే. "కోపం జేస్కోకు బిడ్డా, పిల్లలున్న ఇల్లు."
కోపమే వచ్చింది.

జూలై 11
ఈయనతో వికారాబాదు పోయి వచ్చాను. ఛాతీ ఫొటో తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఛాతీల ఏం లేదమ్మా" అన్నాడు. కాళ్లలోకి బలం వచ్చింది. తర్వాత చాలా అడిగాడు — ఎప్పుడు వస్తుంది, అప్పుడు ఏమనిపిస్తుంది... "ఇది భయం జబ్బు. దీనికి డాక్టరు ఈ చుట్టుపక్కల లేడు. హైదరాబాదు పోవాలె. ఒక్కసారి పోతే కాదు, పోతుండాలె."
ఇంటి గడప దగ్గర ఈయన — "పిచ్చాసుపత్రికా?"

జూలై 12
కంచం ఇంకా గూట్లోనే. ఎందుకని అడిగాను. అత్తమ్మ గొంతు తగ్గించింది. "ఉండనియ్యి. ఛాతి జబ్బంటే జాలిపడ్తరు. గిది తెలిస్తే నవ్వుతరు."
లేని జబ్బుకు వేరే కంచం. నేను దగ్గితేనే వీళ్లకు మర్యాద.
తీసి అందరి కంచాల మధ్య పెట్టాను. ఆమె మళ్లీ తీసింది. నేను మళ్లీ పెట్టాను.

జూలై 20
కొడంగల్ ఆడబిడ్డ తాయెత్తు పంపింది. పెరట్లో చిక్కుడు పందిరికి కట్టాను. అదైనా కాస్తే చాలు.

జూలై 24
ఇవాళ ఓడిపోయాను. అంగట్లో వచ్చింది. కూరగాయల సంచి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి పడ్డాను. ఏడ్చాను కూడా.

జూలై 29
బడిలో ఖాజాబీ టీచరుకు చెప్పేశాను. నవ్వలేదు. "మా అన్నకు గిట్లనే ఉండె. ఇంట్ల దాచిపెట్టిన్రు. దాచినకొద్దీ ఎక్కువైంది. నువ్వు పో. నీ క్లాసు నేను చూస్త."

ఆగస్టు 6
ఈయనతో జగడం.
"నలుగురు చూస్తే?"
"చూస్తే చూడనియ్యుండ్రి."
"ఒక్కదానివి ఎట్ల పోతవ్? రైల్ల వస్తే?"
నాకూ ఆ భయమే. భయానికి మందు తెచ్చుకోవాలంటే ముందు భయంతోనే రైలెక్కాలి... ఎవరు పెట్టారు ఈ న్యాయం? ఒళ్లు మండింది.
"వస్తే రానియ్యుండ్రి. నేనైతే దిగ."

ఆగస్టు 9, రైల్లో
ఆడవాళ్ల పెట్టె. అక్షరాలు వంకరపోతున్నాయి, బండి కుదుపులకు కొంత, నా చేతులకు కొంత. తాండూరు దాటగానే మొదలైంది. వికారాబాదులో బండి ఆగితే లేచి నిలబడ్డాను. తలుపు పక్కనే. దిగితే ఎదురుబండిలో ఇల్లు చేరుకోవచ్చు.
కిటికీ దగ్గరి పెద్దామె, "ఏడికి పోతున్నవ్ బిడ్డా?"
"డాక్టరు దగ్గరికి."
"ఏం బీమారి?"
ఛాతీ అనే మాటే నోటి దాకా వచ్చింది. మింగాను.
"భయం" అన్నాను.
ఎగాదిగా చూసింది. తర్వాత పక్కకు జరిగి, కిటికీ దగ్గర చోటిచ్చింది. కూర్చున్నాను. చేతులు ఇంకా చల్లగానే ఉన్నాయి. బండి కదిలింది —