మూడు పత్రికలు, ఒకే వాకిలి

మిత్రమా,

నీవు కన్నుమూసి నేటికి సంవత్సరమైనది. నీ వారపత్రికను చెరకుమిల్లు యజమాని కొన్నాడు. చిత్తూరులోని మిగిలిన రెండు పత్రికలనూ అంతకుముందే కొని ఉన్నాడు. తొలిపుటపై 'సంస్థాపకుడు' అంటూ నీ పేరు మాత్రం గౌరవంగా ఉంచాడు.

ఆ మిల్లు తూకంలో మోసమున్నదని మన రైతు మునిరత్నం వ్రాసిన ఫిర్యాదును మూడు కార్యాలయాలకూ తీసుకొనిపోయాను. మూడవచోట గుమాస్తా నవ్వాడు.

"యాడికి పోయినా మా సావుకారు వాకిలే కద అయివారా! ఆయన మింద ఆయనే రాసుకుంటాడా?"

నీ సంపాదకీయాలను దుయ్యబడుతూ నేను పంపిన లేఖలను నీవు ఒక్క వాక్యమైనా తగ్గించక మొదటి పుటలోనే అచ్చువేసేవాడవు. "వచ్చేవారం ఇంకా గట్టిగా తిట్టు సామీ" అని కాఫీ ఇప్పించేవాడవు.

మునిరత్నం ఫిర్యాదును దీనికి జతపరుస్తున్నాను. జిల్లాలో ఇక మిగిలిన సంపాదకుడవు నీవొక్కడవే.