పొడుగు చేతుల సంగతి ఎవరు చెప్పారు

గ్రంథాలయాధికారి గారి సముఖమునకు, గ్రంథాలయం వెనక వీధిలోని రెండు వాటాల ఇంట్లో కింది వాటాలో కాపురముంటున్న గృహిణి రాసుకొను అర్జీ.

విషయం: ఇంటర్నెట్‌లోని సమాచారము నమ్మదగినదో కాదో తేల్చుకొను విధానము గురించి తమ గ్రంథాలయంలో ప్రతి ఆదివారం జరుగు తరగతిలో నాకు ప్రవేశము కోరుట, మరియు ఇంట్లో మనిషి మాటను కూడా ఆధారముగా పరిశీలించవలసినదిగా కోరుట గురించి.

అయ్యా,

నా వయసు యాభై. పదో తరగతి చదువుకున్నాను. ఇంతవరకు ఎవరి మీదా ఫిర్యాదు రాసి ఎరగను. పొద్దున్నే దీపం పెట్టుకుని, ఎవరినీ నొప్పించే మాట రానీయకు తండ్రీ అని దండం పెట్టుకున్నాకే ఈ కాగితం ముందు కూర్చున్నాను. అయినా ఒకటి రెండు వచ్చేలా ఉన్నాయి. తమరు మన్నించాలి.

1. సదరు తరగతి చెప్పుచున్నది మా తోటికోడలు. నా మరిది భార్య, పై వాటాలో ఉంటుంది. తరగతిలో చేరడానికి డిగ్రీ ఉండాలని తమరు నోటీసు పెట్టించినందున నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆమెకు తమరు ఇచ్చిన ప్రశంసాపత్రం మాత్రం అద్దం కట్టించుకుని మా ఇంటి మెట్ల మలుపులో గోడకు వేలాడుతోంది. తడిబట్టల బకెట్టుతో మేడెక్కిన ప్రతిసారీ దాన్ని దాటుకునే వెళ్లాలి. దానిమీద దుమ్ము తుడిచేది కూడా నేనేనని మనవి.

2. నా ఏకైక కుమార్తె ఎమ్మే చదువుచున్నది. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో వైర్లు గుచ్చి ఒకరి ఫోను ఇంకొకరికి కలిపిన ఆడవాళ్ల గురించి పరిశోధన రాస్తోంది. అలా కలిపిన వాళ్లలో మా అమ్మ ఒకతె. అంటే పిల్లకి అమ్మమ్మ. అయినా పిల్ల కింద అన్నం తిని, పైన చదువుకుంటుంది. "పిన్నీ, ఈ సైటు నమ్మచ్చా? పిన్నీ, ఇది చూడు!" అన్న కేకలు నాకు వంటింట్లోకి వినిపిస్తాయి. ఆ తర్వాత ఇద్దరి నవ్వులూ. ఆ నవ్వులు ఆగేదాకా కుళాయి తిప్పి ఉంచుతాను. నీళ్లు వృథా చేయడం తప్పేనని ఒప్పుకొనుచున్నాను.

3. ఏదైనా చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని మా తోటికోడలు నేర్పుతుంది. రాసింది ఎవరు, ఎప్పుడు రాశారు, రాస్తే వారికేం లాభం, ఇంకెవరైనా ఆ మాట చెప్పారా. ఈ ప్రశ్నలతో నేను ముందుగా ఆమెనే తూచి చూశాను. ఏదో ఒకదాని దగ్గర తేలిపోతుందనుకున్నాను. పిల్లకి చదువు చెప్తే ఆమెకేం లాభం? ఏమీ లేదు. పైగా తన నిద్ర మానుకుని చెప్తోంది. అన్నింట్లోనూ నెగ్గింది. నా బాధ అదే.

4. నా పక్షాన కూడా లోపమున్నదని మనవి. ఫోనులో మా ప్రార్థన బృందంలో ఎవరు ఏది పంపినా నేను నమ్మి ఇంటిల్లిపాదికీ పంపేదాన్ని. గ్రహాలన్నీ ఒక వరసలోకి వస్తున్నాయి, ఇవాళ ఎవరూ ఫోను ఛార్జింగు పెట్టవద్దు అని ఒకసారి పంపాను. మా ఆయన నా మాట నమ్మి, ఆఫీసులో ఫోను ఆరిపోయి నానా అవస్థా పడ్డారు. అప్పటినుంచి పిల్ల నా మెసేజీలు వచ్చినా మోగకుండా నొక్కేసుకుంది. అది నాకు మొన్నటిదాకా తెలియదు. "నేను పంపినవి చూశావా?" అంటే "ఆఁ, చూశానమ్మా" అనేది.

5. అసలు ఫిర్యాదు ఇది. ఎక్స్ఛేంజిలో పనికి తీయని గొంతున్న అమ్మాయిలనే ఏరి తీసుకునేవారని మూడు సైట్లలో ఉందిట. వాళ్లిద్దరూ మా వంటింట్లో కూర్చుని ఆ మాట అనుకుంటుంటే, నేను కూర తరుగుతూ అన్నాను, "గొంతు కాదే, చేతులు. గోడవైపు నిలబెట్టి చేతులు చాపించి చూసేవారు. వైర్లు గుచ్చే బోర్డు మీద పై వరస కన్నాలు అందాలి కదా! మా అమ్మది బొంగురు గొంతు. ఆమె ఫోనెత్తితే మగవాడనుకుని 'బాబూ' అనేవారుట. చేతులు పొడుగని తీసుకున్నారు."

పిల్ల మా తోటికోడలి వంక చూసింది. నా వంక కాదు.

"మూడు చోట్ల ఒకలా ఉంది కదక్కా," అంది ఆమె, మెత్తగానే.

"అమ్మమ్మ నిన్ను నవ్వించడానికి చెప్పి ఉంటుందమ్మా," అంది పిల్ల. "మా సార్ లింకు అడుగుతారు. మా అమ్మ చెప్పిందని రాయలేను కదా! పైగా నువ్వు గ్రహాల పార్టీ."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయ్యా, వారు చెప్పిన ఆ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటైనా నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. నాకు జడ వేస్తూ అమ్మ చెప్పింది. పై అరలో డబ్బాలు పీట లేకుండా అందుకునేది. తనతో పనిచేసిన ఆవిడ ఇంటికి వస్తే ఇద్దరూ గోడకు చేతులు ఆనించి ఎవరివి పొడుగో చూసుకుని పడీపడీ నవ్వేవారు. ఆవిడ ఇప్పటికీ ఉంది. ఆస్పత్రి పక్క వీధిలో మనవరాలి దగ్గర ఉంటుంది.

6. మరునాడు మధ్యాహ్నం, పనులయ్యాక, ఆ మూడు సైట్లలో ఒకదాని కింద "ఒక పాఠకురాలు" అన్న పేరుతో ఈ చేతుల సంగతంతా రాశాను. ఉక్రోషంతోనే రాశాను, కానీ అబద్ధం రాయలేదు. దీపాలవేళకి ఆ సైటాయన తన పేజీ మార్చేశాడు. నేనెవరో, నాకెలా తెలుసో అడగనే లేదు. నా మాటను ఒకరు అడగకుండా నమ్మారు, ఇంకొకరు అడగకుండా కొట్టేశారు. ఇందులో ఏది పరిశోధన అగునో తమరే సెలవివ్వాలి.

పిల్ల అది చూసి ఎగిరి గంతేసింది. మేడమీదికే పరిగెత్తింది. "పిన్నీ! గొంతు కాదుట, చేతులుట! ఎవరో పాఠకురాలు రాసిందట. ఎంత బాగా రాసిందో!"

"తప్పు దిద్దుకునే సైటైతే నమ్మచ్చు. కానీ ఆవిడెవరో కనుక్కో," అంది మా తోటికోడలు.

కింద నిలబడి విన్నాను. మా తోటికోడలి మీద అసూయ నాకు కొత్త కాదు, దానితో ఎలాగో కాపురం చేస్తున్నాను. ఆ పాఠకురాలి మీద పుట్టిన అసూయకి మాత్రం నా దగ్గర మందు లేదు. ఇదే మాట కూర తరుగుతూ చెబితే గ్రహాల పార్టీ. ముక్కూమొహం లేని మనిషి ఫోనులో రాస్తే "ఎంత బాగా రాసిందో"!

7. సదరు పరిశోధన వచ్చేవారం కాలేజీలో ఇవ్వవలసి ఉన్నది. అందులో మా అమ్మ చేతులుంటాయి, మా అమ్మ ఉండదు. కింద ఆ సైటు పేరుంటుంది. అది నేనేనని చెబితే, కూతురి వ్రాతలో తల్లి దొంగచాటుగా దూరిందని పిల్ల నొచ్చుకుంటుంది. చెప్పకపోతే, తన అమ్మమ్మ సంగతే ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్నట్టు రాసుకుంటుంది. మళ్లీ నన్ను ఏదీ అడగదు. నాకు ఏ దారీ తోచుటలేదు.

కాబట్టి తమరు దయయుంచి,

(అ) డిగ్రీ నిబంధన సడలించి నన్ను తరగతిలో చేర్చుకొనవలెను. వెనక బెంచీ చాలు. మా తోటికోడలు నన్ను ప్రశ్నలు అడగకుండా చూడవలెను.

(ఆ) ఎదురుగా ఉన్న మనిషిని కూడా ఆ నాలుగు ప్రశ్నలూ అడిగి, ఆ తర్వాతే నమ్మడమో మానడమో చేయాలని పాఠంలో కలపవలెను. నమ్మి తీరాలని కోరుట లేదు. అడిగితే చాలు.

ఈ విన్నపము తమ చల్లని చూపుతో చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయురాలు,
కింది వాటా పెద్దకోడలు

తా.క. పైన సంతకం చేసి కవరు వెతుకుతుండగా ఫోను మోగింది. ఆ సైటులో రాసినవారికి కబురు పంపే వీలుందని నాకు తెలియదు. పిల్ల పంపింది, నా పక్కగదిలోంచి. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. "నమస్కారమండీ. మీరు రాసింది చదివి నాకు చాలా సంతోషమైంది. మా అమ్మమ్మ కూడా ఎక్స్ఛేంజిలో పనిచేసేది. మా అమ్మ కూడా ఈ మాటే చెప్పింది. నేను వినిపించుకోలేదు. మీకు ఇబ్బంది లేకపోతే మీ ఇంటికి వచ్చి అన్నీ అడిగి రాసుకుంటాను. ఎప్పుడు రమ్మంటారు?"

అయ్యా, పుట్టినప్పటినుంచి అది నన్ను మీరు అనడం ఇదే మొదలు. కళ్లు తుడుచుకుని, ఇప్పుడే రమ్మని రాశాను. చిరునామా అడిగింది. పంపాను.

పక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తలుపు తోసుకుని వచ్చి, ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మా... ఇది మన అడ్రసే."

"ఆఁ. కూర్చో. ఏం అడుగుతావో అడుగు" అన్నాను.

తమరు (ఆ) కొట్టివేయవచ్చును. ఇంతకు మించి రాయడానికి వీలుపడదు. పిల్ల కలం కోసం వెతుక్కుంటోంది, ఇంట్లో ఉన్నది ఇదొక్కటే.