మాబున్ని వేసిన ముడులు

ఎమ్మిగనూరు, 1955, శ్రావణ సోమవారం.

కొడుక్కి దగ్గు తగ్గింది. కోడలికి నడుము నొప్పి అలాగే ఉంది. నా కళ్ళకు మసక ఎక్కువైంది. అందుకే మగ్గం మీద పాత పోగులకు కొత్త పోగులు ముడివేసే పని, కూలికి ముడులు వేసే మాబున్నికి ఇచ్చాము. ఆమె అన్నానికి పోగానే నేను ఒక్కో ముడీ లాగి చూశాను. నాలుగు తెగాయి. తలెత్తితే ఆమె ఎదురుగానే ఉంది.

"అట్ల లాగితే ఎద్దు పలుపైనా తెగుతాది అవ్వా. నమ్మకం లేకుంటే నన్నెందుకు పిలిచినావు?" అని, సాయంత్రం బస్సుకు ఆదోనిలోని పుట్టింటికి పోయింది.

ముడులు సగంలో ఉన్నాయి, మగ్గం ఆగింది. కొడుకు నాతో మాట్లాడడం లేదు. పోగు జారకుండా ఆమె వేళ్ళకు అద్దుకునే బూడిద చిప్ప మాత్రం ఇక్కడే ఉంది. మరచిపోయిందో, మళ్ళీ వస్తుందో...

గురువారం పొద్దున బస్సుకు ఆదోని పోయి, ఆ ముడులు నా చేతులకే తెగాయని చెప్పాలి.