పాలగరాటులో పిన్ని గొంతు

బ్రునెగ్ కొండమేత,
జూన్ మొదటివారం

చిట్టితల్లి మార్లీస్‌కి బుర్గీ పిన్ని ఆశీస్సులు. మేమూ ఆవులూ క్షేమం. ఆవులే కాస్త ఎక్కువ క్షేమం.

జూరిచ్‌లో కలల చదువు చదువుతున్నాననీ, మీ ఆడవాళ్ళ సంఘానికి పల్లెటూరి కలలు కావాలనీ రాశావు కదా. నాకొకటి వచ్చింది, రాసుకో. చీకటి పడే వేళ నేను బండమీద నిలబడి, మీ బాబాయిలా పాలగరాటు నోటికి పెట్టుకుని సాయంత్రపు పిలుపు పిలుస్తున్నాను. గొంతు రాదే! గరాటులోంచి పాలు ధారగా కారిపోతున్నాయి. ఆవులన్నీ నావైపే చూస్తున్నాయి.

పొద్దున లేచి మీ బాబాయికి చెబితే నవ్వాడు. "పిలుపు మగవాడి పనే బుర్గీ, మా తాత కాలం నుంచీ అంతే" అన్నాడు. మరియమ్మ తల్లినీ పునీతులనీ తలుచుకుంటూ పిలిచే ఆ గొంతు ఎంత దూరం వినిపిస్తే అంత దూరం రాత్రంతా మందకీ మనకీ దేవుడి కాపు ఉంటుందని నీకూ తెలుసు. ఒక్కసారి నేనూ పిలవాలని పెళ్ళయిన కొత్తల్లోనే కోరిక పుట్టింది. నీకొక్కదానికే చెబుతున్నాను, మీ అమ్మతో అనకు.

ఇట్లు,
మీ పిన్ని వాల్‌బుర్గా

తా.క. పొరుగు కొట్టం అగాథాకి కూడా మంచి కల వచ్చిందట. అందులో వాళ్ళాయన మాత్రం లేడట. చెప్పడానికి సిగ్గుపడుతోంది.


జూరిచ్,
జూన్ రెండోవారం

బంగారు పిన్నికి మార్లీస్ బోలెడు ముద్దులతో రాసేది.

పిన్నీ, నీ కల వినిపిస్తే మా గురువుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు! పాలంటే ఎవరనుకున్నావు? ఆదిమాత! గుళ్ళు కట్టకముందు, దేవుడికి గడ్డం మొలవకముందు లోకమంతా కొలిచిన తల్లి. ఆవిడ నీ గొంతులోంచి పొంగుకొస్తోంది. అడ్డుపడుతున్నదెవరు? తండ్రిగొంతు. ప్రతి ఆడదానిలోనూ అది తిష్ట వేసుకుని "నువ్వు పలకరాదు" అంటూ ఉంటుంది. అది మూగబోతే గానీ తల్లి నోరు విప్పదు.

బుధవారం మా సంఘమంతా చేతులు పట్టుకుని, నీ కోసం ఆ తండ్రిగొంతు మూగబోవాలని కోరుకుంటాం.

నీ మార్లీస్

తా.క. అగాథా కల మిగతా భాగం కోసం ఇక్కడ అందరూ ఎదురుచూస్తున్నారు. చదువు కోసమే.


బ్రునెగ్ కొండమేత,
జూన్, శుక్రవారం

మార్లీస్‌కి పిన్ని హడావిడిగా రాసేది. క్షేమం తర్వాత అడుగుతాను.

ఎంత పని చేశావే! గురువారం పొద్దున మీ బాబాయి "కాఫీ" అనబోయాడు. గాలి తప్ప మాట లేదు. బుధవారం మీరు చేతులు పట్టుకున్నారు, గురువారానికి మనిషి మూగ! గొంతు నొప్పెట్టినా, ఆవు ఈనకపోయినా, లోయలో మఠంలో ఉండే కపూచిన్ ఫాదర్ దగ్గరికి పోయి మంత్రించిన ఉప్పు తెచ్చుకునేవాళ్ళం. ఆయన కూడా ఇంత తొందరగా పని చెయ్యలేదమ్మా. చదువంటే నీదే!

కానీ ఆ మంత్రం వెంటనే విప్పెయ్యి. రెండు సాయంత్రాలుగా పిలుపు లేదు. ఈ కొండమీద సగం ఆవులు ముసలి సెప్‌వి. ఆదివారానికి పిలుపు వినిపించకపోతే మందను దింపుకుపోతానన్నాడు. సెప్ ఆవులు పోతే మాకు ఈ మేతే లేదు.

మీ పిన్ని

తా.క. కబురు పాకిపోయింది. అగాథా వాళ్ళ అత్తగారి గొంతు గురించి అడగమంది. పూర్తిగా వద్దట, భోజనాల వేళ చాలట.


జూరిచ్,
శనివారం, ఎక్స్‌ప్రెస్ పోస్టులో

పిన్నీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, నేనేమీ చెయ్యలేదు!

తండ్రిగొంతంటే బాబాయి కాదు. అది నీ లోపల ఉండేది. లోపల! బాబాయికి వచ్చింది జలుబు. ఉల్లిపాయ ఉడికించి మెడకి కట్టు. పిలుపు మాత్రం నువ్వే పిలువు. ధైర్యం చాలకపోతే ఈ కథ మనసులో పెట్టుకో. వేల ఏళ్ళనాడు ఒక దేవత పాతాళానికి దిగిందట. ఏడు వాకిళ్ళ దగ్గరా ఒంటిమీదున్న ఒక్కొక్కటే వదిలేసిందట. చివరికి తన అసలు బలంతో పైకొచ్చింది. నువ్వూ అలా దిగు.

నీ మార్లీస్

తా.క. దయచేసి ఎవరి గొంతూ మూయించమని అడక్కు. మా గురువుగారు మాత్రం తన భర్త గొంతు సంగతి ఊరికే ఆరా తీశారు.


బ్రునెగ్ కొండమేత,
జూన్ ఆఖరు

చిట్టితల్లి మార్లీస్‌కి పిన్ని ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే దిగాను. మనకున్న పాతాళం చీజ్ నేలమాళిగ ఒక్కటే కదా. దానికి వాకిలి కూడా ఒక్కటే. అందుకని ఏడుసార్లు బయటికొచ్చి ఏడుసార్లు దిగాను. తలగుడ్డ, ఏప్రన్, చెప్పులు, మేజోళ్ళు... ఆరోసారి దిగుతుంటే చీజ్ చూసుకుందామని సెప్ ఎదురొచ్చాడు. "మరియమ్మ తల్లీ!" అంటూ వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాడు. ఆ వయసులో అంత పరుగు నేనెక్కడా చూడలేదు. ఏడోది వదల్లేదు, చలిగా ఉంది.

ఆదివారం సాయంత్రం సెప్ ఆవుల తాళ్ళు విప్పుతుండగా బండెక్కాను. గరాటు ఎత్తాను. గొంతు వచ్చింది తల్లీ! ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. మరియమ్మనీ, ఆవులు కాచే పునీత వెండెలిన్‌నీ పిలిచాను. ఆ ఊపులో మా అమ్మనీ, అగాథానీ, జూరిచ్‌లో ఉన్న నిన్నూ, మీ బాబాయినీ పేరుపేరునా కలిపేశాను. సెప్ టోపీ తీసి తాళ్ళు మళ్ళీ కట్టేశాడు. నాకు ఎగరాలనిపించింది.

కానీ కొట్టంలోకి వస్తే మీ బాబాయి బల్లమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచి రోజూ నేను పిలిచే వేళకి అంతే. డాక్టరు చూసి గొంతు శుభ్రంగా ఉందన్నాడు. మాట మాత్రం లేదు. నామీద కోపమేనంటావా? ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు వీపు చూపించలేదు. పిలుపు నాకు ప్రాణంలా ఉంది, కానీ ఆయన కంటే ఎక్కువ కాదు.

మీ పిన్ని

తా.క. సెప్ ఇప్పుడు తలుపు కొట్టి, దగ్గి, మళ్ళీ కొట్టి గానీ నేలమాళిగలోకి రావడం లేదు.


జూరిచ్,
జూలై మొదటివారం

పిన్నీ,

మా పుస్తకాల ప్రకారం సింహాసనం పోయిన రాజు గోడవైపే తిరుగుతాడు. పుస్తకాల సంగతి ఇంతే రాయగలను. బాబాయి చిన్నప్పుడు నన్ను భుజాలమీద ఎక్కించుకుని మోశాడు. ఆయన బాధపడితే నాకూ ఏడుపొస్తుంది. ఆయన్నే అడుగు పిన్నీ. నాకు తెలియదు.

నీ మార్లీస్

తా.క. నాకు తెలియదని ఒప్పుకున్నందుకు గురువుగారు మెచ్చుకున్నారు. ఈ ఏడాది ఇదే మొదటిసారి.


బ్రునెగ్ కొండమేత,
జూలై, ఆవుల పని అయ్యాక

బంగారు తల్లి మార్లీస్‌కి పిన్ని ఆశీస్సులు, బాబాయి ఆశీస్సులు కూడా. ఆయన పక్కనే కూర్చుని "నేనన్నానని రాయి" అంటున్నాడు. అవును, అంటున్నాడు!

నిన్న సాయంత్రం గరాటు తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. "ఇదిగో నీది. నేనిక పిలవను. నావైపు తిరుగు, చాలు" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆయన గరాటుని చూశాడు, నన్ను చూశాడు.

"ఇవాళ కూడా నువ్వే పిలవవే" అన్నాడు. గంట కొట్టినట్టు ఖంగుమంది గొంతు!

"ఎప్పుడొచ్చింది?" అన్నాను.

"మొదటి ఆదివారమే. మధ్యాహ్నానికే వచ్చేసింది."

అంటే నేను బండెక్కకముందే! గరాటు పెట్టి ఒక్కటి వెయ్యాలనిపించింది. "మరి ఇన్నాళ్ళూ ఈ నాటకం ఎందుకయ్యా, గుండె ఆగిపోయింది నాకు!" అని అరిచాను.

తల వంచుకుని అన్నాడు: "మా నాన్న పోయినప్పటినుంచీ అందరి కోసం నేనే పిలుస్తున్నాను బుర్గీ. నా కోసం ఎవరూ పిలవలేదు. ఆ రోజు సాయంత్రం పిలుద్దామని లేచేసరికి నువ్వే బండెక్కేశావు, నా పేరు కూడా పిలిచావు. మాట్లాడితే గరాటు తిరిగి నా చేతికిస్తావని నోరు మూసుకున్నాను. ఏడుస్తుంటే చూస్తావని గోడవైపు తిరిగాను."

నేను వెళ్ళి పిలిచాను. ఆయన పేరు రెండుసార్లు పిలిచాను.

మీ పిన్ని వాల్‌బుర్గా

తా.క. ఇందాక సెప్ వచ్చి టోపీ నలుపుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. పిలుపులో తన పేరు కూడా కలపాలట. ఆవుల తర్వాత అయినా ఫర్వాలేదన్నాడు.