బాబిన్లలో పోసిన మామిడి ఐసు

అక్కకు,

నువ్వు, బాపమ్మ ఎలా ఉన్నారు? బాపమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇక్కడ అమ్మ, బాపు బాగున్నారు. నేను కూడా బాగున్నాను, బెంగ పెట్టుకోకు. ఇంగ్లీష్ మీడియం దాని తెలుగు, తప్పులుంటే నవ్వకు. ఫోన్ చేద్దామంటే ఇల్లంతా ఒకటే గది, ఏం మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. మల్లేశం మామ రేపు ఊరికి వస్తున్నాడు, ఈ ఉత్తరం ఆయన చేతికిస్తాను.

ఈ గోడాదరా బస్తీలో చెమట ఆరదక్కా. కింద పొద్దంతా బట్ట నేసే సాంచాల చప్పుడు. అమ్మ తలెత్తకుండా చీరల దారాలు కత్తిరిస్తుంటుంది. నేను కూర్చుంటాను, లేస్తాను, కిటికీ దగ్గరికి పోతాను, మళ్లీ కూర్చుంటాను. వచ్చి రెండు నెలలైనా ఒక్క స్నేహితురాలు లేదు.

అందుకే వీడియో చూసి ఐసు చేశాను. కేసర్ మామిడి గుజ్జు, కొంచెం నిమ్మరసం, అంతే. అచ్చులు లేవు. బాపు కార్ఖానా నుంచి తెచ్చిన ఖాళీ బాబిన్లు, అంటే దారం చుట్టే ప్లాస్టిక్ గొట్టాలు, ఇంట్లో ఉన్నాయి. కడిగి, అడుగున పిండి ముద్ద పెట్టి, రసం పోసి, పుల్ల గుచ్చి, ఎదురింటి రజితక్క ఇంట్లో లేనప్పుడు ఆమె ఫ్రిజ్‌లో పెట్టాను. గల్లీ పిల్లలంతా "దీదీ, ముఝే భీ" అంటూ నా చుట్టూ మూగారు. అందరికీ తలా ఒకటి ఇచ్చాను. రజితక్క కూతురు మిన్ను మాత్రం మూడు తిన్నది. దానికి నాలుగేళ్లు.

సాయంత్రానికి దానికి వాంతులు. సెలైన్ పెట్టించారు. ఆ రోజే బాపు చేతులు కడుక్కుంటూ, "ఈ దారం నూనె ఒక్కసారి అంటిందంటే సబ్బుకు గూడ పోదు" అన్నాడు. నేను బాబిన్ వాసన చూశాను. అదే వాసన.

మర్నాడు, ఐసు గోలాలమ్మే బండి చాచా వల్లే ఇదంతా అనుకుని రజితక్క ఆయన మీద విరుచుకుపడింది. "క్యా చాచా, గటర్ కా పానీ డాల్తే క్యా?" అంటూ, మురిక్కాలువ నీళ్లు కలుపుతున్నావని.

"నహీ బిటియా, కసమ్ సే" అంటూ ముసలాయన ఒట్టేసి చేతులు జోడించాడు.

అమ్మ కూడా తోడైంది. "రేపటి సంది ఈ బండిని గల్లీల అడుగు పెట్టనియ్యొద్దు!"

నేను మెట్ల మీద నిలబడి అంతా చూశాను.

ఇంతవరకు రాసి కాగితం మడిచేశానక్కా. ఉండలేకపోయాను. రజితక్క దగ్గరికి పోయి చెప్పేశాను.

"బాబిన్లల్లనా? నా ఇంట్ల గ్లాసులు లేవా పోరీ?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "డాక్టర్ ఏం తిన్నదని మూడుసార్లు అడిగిండు. నువ్వు పక్కనే ఉన్నవ్."

నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు. గోలా చాచా ఇప్పుడు పక్క గల్లీల నిలబడుతుండట. సాయంత్రం పోదాం, నువ్వే చెప్పాలె. నేను గూడ మాఫీ అడగాలె గద."

అప్పుడే డాక్టర్‌కు ఫోన్ చేసింది. భయం లేదన్నాడట. మిన్ను మజ్జిగన్నం తిన్నది. నన్ను చూసి నవ్వింది కూడా. అదే తట్టుకోలేకపోయాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. చాచాకు హిందీలో ఎలా చెప్పాలో పొద్దున్నుంచి మనసులో అనుకుంటూనే ఉన్నాను, మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. రజితక్క కింద నుంచి పిలుస్తోంది.

మల్లేశం మామ తిరిగి వచ్చేటప్పుడు నా నీలం చున్నీ పంపు. పెద్దలందరికీ నా దండాలు చెప్పు. బాపమ్మ కాళ్లు నా బదులు మొక్కి, నన్ను దీవించమను. ఎందుకని అడిగితే పరీక్ష ఉందని చెప్పు.

నీ చెల్లె,
సుప్రియ