పాఠం కింద ప్రశ్న

బావగారికి,

మీరు అలిగి ఫోన్ ఎత్తడం మానేశారని అక్క చెప్పింది. అందుకే కాగితం మీద పట్టుకుంటున్నాను. దీన్ని కట్ చేయలేరుగా.

ఈ వయసులో పట్టుబట్టి నేర్చుకుని, లెక్కల పాఠాలకు మీరే వెబ్‌సైట్ తయారుచేశారని తెలిసి నేనూ విద్యార్థినిగా చేరాను. మొదటి వీడియోలో బోర్డు కన్నా మీ నుదురే ఎక్కువ కనిపించింది. మీరు భిన్నాలు కలుపుతుంటే వెనక నుంచి అక్క, "బనియన్ మీద చొక్కా వేసుకోండి, ఎవరైనా చూస్తారు" అంది. "ఇంకా ఆన్ చేయలేదులే" అన్నారు మీరు. అదీ రికార్డయింది. నవ్వలేక చచ్చాను.

స్టాఫ్ రూములోనూ నవ్వారట. సోమవారం హెడ్మిస్ట్రెస్ గారితో "నా వల్ల కాదు" అని చెప్పి సైట్ తీసేస్తారట. మీ ఇష్టం. కాకపోతే ముందు ఆ పేజీని కాస్త కిందికి జరిపి చూడండి. మీరు అక్కడిదాకా ఎప్పుడూ వెళ్ళినట్టు లేదు.

అక్కడ పిల్లల ప్రశ్నలున్నాయి. మీ క్లాసులో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, ఏడాదిగా నోరు విప్పలేదని మీరు దిగులుపడేవారే, ఆ పిల్ల కూడా రాసింది. "సార్, క్లాసులో అడిగితే నవ్వుతారని అడగలేదు. కింది అంకెలు వేరైతే ఎందుకు కలపకూడదు?" మర్నాడు మళ్ళీ, "సార్, చూశారా?" అని రాసింది.

జవాబు నేనే రాద్దామనుకున్నాను. లెక్క తప్పితే మీ పరువు పోతుందని ఊరుకున్నాను. పైగా ఆ పిల్ల అడిగింది మిమ్మల్ని.

మీ మరదలు