ఎడమ చెయ్యి విభాగం

కొలతల ప్రోగ్రాం కంపెనీవారికి టైలరమ్మ నమస్కారాలు.

మీరు ఊరికే ఇస్తున్న ప్రోగ్రాంలో కొలతలు కొడితే, బట్ట కత్తిరించుకోవడానికి కాగితం నమూనా వస్తోంది. బాగుంది. కానీ ఎడమ చెయ్యి కుడిచేతికంటే బెత్తెడు పొడుగొస్తోంది. ఒక పెద్దమనిషి చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి తన చేతులు కొలుచుకున్నాడు.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: ఊరికే ఇచ్చారని ఊరుకోను.

*

టైలరమ్మగారికి,

ఇది కంపెనీ కాదండీ. ఓపెన్ సోర్స్ అంటారు. ప్రోగ్రాం రాతంతా అందరికీ కనబడేలా పెట్టాం. ఇది అందరిదీ. ఎవరైనా తప్పు దిద్ది పంపచ్చు. చేతుల సంగతి మేము చూస్తాం.

ఇట్లు,
ప్రోగ్రాం చూసుకునేవాడు

తా.క.: ఇన్నేళ్లలో "బాగుంది" అన్నది మీరొక్కరే. పక్కనే "కానీ" లేకపోతే ఇంకా బాగుండేది.

*

ఎడమ చెయ్యి విభాగం అధికారిగారికి,

చెయ్యి కుదిరింది. ఇప్పుడు కాలరు మెడ పట్టేస్తోంది. ఇది మీ విభాగం కాకపోతే కాలరువాళ్ళకి అందించండి. ఆదివారం రాసినా వెంటనే జవాబిచ్చారు. సెలవురోజున కూడా అంతమందిని కూర్చోబెడితే ఎలాగండీ? వాళ్ళకీ ఇల్లూ వాకిలీ ఉంటాయి. మీవాళ్ళందరికీ తలో చొక్కా కుడతాను, కొలతలు పంపండి.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: మేనేజరుకి పొట్ట ఉంటే దాచకండి.

*

అమ్మా,

ఒక్కరి కొలతలే పంపుతున్నాను. ఎడమ చెయ్యీ, కాలరూ, మేనేజరూ, ఆ పొట్టా అన్నీ నేనే. పగలు వేరే ఉద్యోగం, ఇంటికొచ్చాక ఇది. ఎవరైనా కలిసొస్తారని మొదట్లో రెండో కుర్చీ కొన్నాను. దానిమీద ఉతికిన బట్టలు పడేస్తున్నాను. వాడేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఏదో చెడిపోతే తప్ప ఎవరూ పలకరించరు. ఇక నావల్ల కాదు. నెలాఖరుకి ఆపేస్తున్నాను.

ఇట్లు,
ప్రోగ్రాం చూసుకునేవాడు

తా.క.: కాలరు దిద్దాను. మెడకి ఊపిరాడాలి.

*

నాయనా,

ఆపడానికి నువ్వెవరివి? అందరిదీ అన్నది నువ్వే కదా! నీ ఉత్తరం మా వీధి టైలర్లందరికీ చదివి వినిపించాను. "మనం తిట్టిందంతా ఒక్కడికేనా!" అని ప్యాంట్లు కుట్టే పెద్దాయన తల పట్టుకున్నాడు. జాకెట్లు కుట్టే ఆవిడ కోడలికి నీ ప్రోగ్రాం రాత చదవడం వచ్చట. తప్పెక్కడో మేము చెబుతాం, ఆ పిల్ల దిద్దుతుంది. మార్పులు ఒప్పుకునే అధికారం మాకూ ఇవ్వు. ఇకమీద ఎవరి పనైనా ఇంకొకరు చూశాకే ప్రోగ్రాంలోకి. నీదైనా సరే. తెలియకపోతే అడుగుతాం, విసుక్కోకు.

ఇట్లు,
టైలరమ్మ

తా.క.: జ్వరమొస్తే పడుకో. నువ్వు పడుకున్నా పని నడవాలి.

*

అమ్మా,

అధికారం ఇచ్చేశాను. బొత్తాలు పెట్టే చోటు మార్చి పంపాను, చూడండి. నా పని ఇంకొకరు చూడటం ఇదే మొదటిసారి. ఇప్పటికే నాలుగుసార్లు మీ జవాబు వచ్చిందేమోనని చూశాను.

ఇట్లు,
మీవాడు

*

మావాడికి,

నీ మార్పు అందరం కూర్చుని చూశాం. ఒప్పుకోవడం లేదు. బొత్తాం అక్కడ పెడితే ఛాతీ దగ్గర చొక్కా నోరు తెరుస్తుంది. దిద్ది మళ్ళీ పంపు. ఎదురు చూస్తుంటాం.

ఇట్లు,
టైలరమ్మ, ప్యాంట్ల పెద్దాయన, జాకెట్లావిడ, కోడలు

తా.క.: కోడల్ని రాస్తున్నాను బాబాయ్. బాధపడకండి. నాది రెండుసార్లు తిప్పి పంపారు. రెండుసార్లూ మా అత్తగారే.